రాలినది ఆకే, వేరు కాదు



ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి, ప్రసంగ వేదిక మీద చెప్పడానికి ఇన్నాళ్లు సిగ్గుపడిన సంగతి. ఆ సిగ్గు వలన మా సంఘములో రెండు కుటుంబాలు బాధపడ్డాయి. అందులో మా తప్పు కూడా ఉంది గనుక దాచకుండా వ్రాస్తున్నాము. పిల్లలు పడుకున్న తరువాత భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని చదువుకోండి. ఇంట్లో చదువురాని అత్తగారు ఉంటే ఆమెకూ చదివి వినిపించండి. ఇది ఆమె కూడా వినవలసిన మాటే.

మేము సేవ చేసే గ్రామము పుట్టపర్తికి దగ్గరలో, చిత్రావతి ఒడ్డున ఉంది. ఒడ్డు అనడమే గాని, ఏటిలో నీళ్ల కంటె ఇసుక కనబడే దినాలే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కొత్త జిల్లాకు కేంద్రమయింది. అయినా మా వాళ్లను ఏ జిల్లా అని అడిగితే నేటికీ "అనంతపురం" అనే అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ కాయ నిండితే మగవాళ్లు ఊళ్లో ఉంటారు, నిండకపోతే సంక్రాంతి దాటగానే బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఆడవాళ్ల జుట్టు గురించి వ్రాస్తూ వేరుశనగ మాట ఎందుకు అని మీరు అనుకోవచ్చు. కొంచెము ఓపిక పట్టండి, సంబంధము ఉంది.

మా సంఘములో ఒక చెల్లెలు ఉంది. ఆమె పేరు వ్రాయము. పందొమ్మిదేళ్లకు పెండ్లి, ఇరవై మూడేళ్లకు ఇద్దరు బిడ్డలు. రెండవ కాన్పుతోనే ఆపరేషన్ చేయించాలని అత్తగారు పట్టుపట్టింది. గాని పరీక్ష చేస్తే రక్తము ఎనిమిది గ్రాములే ఉంది. రక్తము పట్టే వరకు ఆపరేషన్ వద్దని డాక్టరమ్మ ఆపింది. బిడ్డకు ఎనిమిది నెలలు వచ్చాక నర్సమ్మ ఆమెకు గర్భనిరోధక మాత్రల అట్ట చేతికిచ్చింది. ఆ అట్ట పట్టుకొని ఆ చెల్లెలు ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చింది.

"అయ్యగారూ, ఇవి మింగితే పాపమా?" అని అడిగింది.

బిడ్డలను కనడము ఎంత బాధ్యతో, కన్న బిడ్డలను, కన్న తల్లిని కాపాడుకోవడము కూడా అంతే బాధ్యత అని మేము చెప్పాము. రక్తము లేని శరీరముతో మూడవ కాన్పుకు వెళ్లడము విశ్వాసము కాదని, ప్రాణముతో ఆడుకోవడమని చెప్పాము. అంతవరకు మేము చెప్పినది సరిగానే ఉందని నేటికీ నమ్ముతున్నాము.

ఆమె ఇంకొక ప్రశ్న అడిగింది. "ఒంటికి ఏమన్నా అవుతాదా అయ్యగారూ?"

"ఏమీ కాదమ్మా, ధైర్యముగా వేసుకో" అన్నాము.

మేము చదివినది వేదాంత విద్యలో డిప్లొమా. మందుల సంగతి మాకు తెలియదు. తెలియదని ఒప్పుకొని "నర్సమ్మను అడుగు తల్లీ" అని ఉంటే సరిపోయేది. పాస్టరు నోట "తెలియదు" అనే మాట రావడము మన సంఘాలలో ఎంత కష్టమో మీకు తెలుసు. "ఏమీ కాదు" అనడము తేలిక. ఆ తేలిక మాటకు వెల వేరేవాళ్లు చెల్లించారు.

ఆ చెల్లెలు ఏడాదికి పైగా మాత్రలు వాడింది. కడుపులో తిప్పుతోందని అట్ట చివరనున్న ఇనుము మాత్రలు మాత్రము పారేసేది. ఆ యేడు కాయ నిండలేదు. సంక్రాంతి వెళ్లగానే భర్త బెంగళూరులో కట్టడము పనికి వెళ్లిపోయాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు మాత్రలు ఎందుకని ఆమె మానేసింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన సంగతి అని ఆమెకు తోచలేదు.

ఏప్రిల్ నెలలో జుట్టు ఊడడము మొదలయింది.

మన పల్లెల్లో ఆడవాళ్లు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను పారవేయరు. వేలికి చుట్టి గోడ సందులో పెడతారు. చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇస్తామని అరుచుకుంటూ వచ్చేవాళ్లకు వాటిని ఇచ్చి చిన్న గిన్నెయో, గ్లాసో తీసుకుంటారు. మామూలుగా ఒక గిన్నెకు ఎన్నో నెలల వెంట్రుకలు కావాలి. ఆ ఇంటి గోడ సందు మూడు వారాలలో నిండిపోయింది. సామాన్లతను తూకము వేసి, "ఎంత జుట్టో" అని సంతోషముగా గిన్నె ఇచ్చి పోయాడట. ఆ గిన్నెను చూసిన తరువాతే అత్తగారికి సంగతి తెలిసింది.

ఆమె గట్టిగా ఊరంతా వినబడేట్టు అన్నది: "ఆ మాత్రలు తిని తిని నెత్తి బోడి చేసుకుంటాండాది. అయ్యగారే తినమన్నాడంట!"

ఆ మాట బావి దగ్గరకు, అక్కడినుండి మహిళా కూడికకు చేరింది. ఒక పెద్దమ్మ ఇంకొక అడుగు ముందుకు వేసి, దేవుడు ఇచ్చే బిడ్డలను వద్దన్నందుకు తల మీద శిక్ష పడిందని తీర్పు చెప్పింది. ఆ చెల్లెలు వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు.

మా శ్రీమతి వాళ్ల ఇంటికి వెళ్లింది. ఎండాకాలము నడిమధ్యాహ్నము కూడా ఆ పిల్ల కొంగు తల మీదినుండి తీయలేదట. చివరకు తీసి చూపించింది. పాపిడి దగ్గర చర్మము కనబడుతోంది. దిండు మీద, బిడ్డ చొక్కా మీద, సంగటి ముద్దలో కూడా వెంట్రుకలే. ఒక వెంట్రుక చేతిలో పెట్టి, "చూడండమ్మగారూ, వేరుతో సహా వస్తాండాది. ఇంక మొలవదు. ఆయన వచ్చే లోపల బోడి అయిపోతాను. అప్పుడు నన్ను ఏలుకుంటాడా?" అని ఏడ్చింది. వెంట్రుక చివర తెల్లని బుడిపె ఒకటి ఉంది.

మా శ్రీమతి ఇంటికి వచ్చి, ఆ రాత్రి మాకు అంతకుముందెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. మా పెద్దమ్మాయి పుట్టిన మూడు నెలలకు ఆమెకు కూడా ఇలాగే జుట్టు ఊడిందట. వాళ్ల అమ్మ "బిడ్డ నవ్వడము నేర్చితే తల్లి జుట్టు రాలుతుందిలే, మళ్లీ వస్తుంది" అని ఊరుకోబెట్టిందట. అలాగే ఏడాది తిరగకుండా మళ్లీ వచ్చిందట. అదే ఇంట్లో ఉండి, అదే దిండు పక్కన పడుకొని, మేము ఆ సంగతి గమనించనే లేదు. ఇది కూడా మా తప్పుల లెక్కలోనే వ్రాసుకున్నాము.

మరుసటి వారము ఆ చెల్లెలిని వెంటబెట్టుకొని ధర్మవరములో ఒక చర్మ వైద్యురాలి దగ్గరకు వెళ్లాము. ఆమె మంచి ఓపికగల మనిషి. మొదట జుట్టు చూడలేదు. "గత ఆరు నెలలలో ఏమేమి జరిగినాయో చెప్పు" అని అడిగింది. జ్వరము వచ్చిందా, కాన్పు అయిందా, తిండి తగ్గిందా, ఏ మందు మొదలుపెట్టావు, ఏ మందు మానేశావు అని వరుసగా అడిగింది. మాత్రలు సంక్రాంతి తరువాత మానేశానని ఆ చెల్లెలు అప్పుడే మొదటిసారి చెప్పింది. డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "జనవరి, ఫిబ్రవరి, మార్చి, సరిగ్గా మూడు నెలలు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి మాకు సగము బరువు దిగింది.

ఆమె చెప్పినది మేము గ్రహించినంత మట్టుకు మన భాషలో చెబుతాము.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుక రెండు నుండి ఆరు సంవత్సరాలు పెరిగి, తరువాత సుమారు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి, రాలిపోతుంది. అదే కుదురులోనుండి కొత్తది వస్తుంది. ఏ సమయములో చూసినా నూటికి 85 నుండి 90 వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి, మిగిలిన కొన్నే విశ్రాంతిలో ఉంటాయి. అందుకే దినానికి 50 నుండి 100 వెంట్రుకలు రాలడము ఆరోగ్యవంతులకు కూడా మామూలే.

మన చింతచెట్టును చూడండి. దాని ఆకు ఏడాది పొడుగునా కొంచెము కొంచెము రాలుతూనే ఉంటుంది, అయినా చెట్టు పచ్చగా కనబడుతుంది. తల వెంట్రుకల మామూలు పద్ధతి అదే. మన కానుగచెట్టు అలా కాదు. ఎండలు ముదిరేటప్పుడు ఒక్కసారిగా ఆకంతా రాల్చి మోడులాగ నిలబడుతుంది. తెలియనివాడు చెట్టు చచ్చిందనుకుంటాడు. కొద్ది దినాలకే లేత చిగురు తొడుగుతుంది. కొన్ని సమయాలలో మనిషి తల కూడా కానుగచెట్టులాగ ప్రవర్తిస్తుంది.

ఆ సమయాలు ఏవి? కాన్పు. టైఫాయిడ్, డెంగ్యూ వంటి పెద్ద జ్వరము. పెద్ద ఆపరేషన్. తిండి బాగా తగ్గి బరువు పడిపోవడము. పెద్ద దుఃఖము. వాటితో పాటు శరీరములో హార్మోనులు మారడము. గర్భము నిలిచినప్పుడు స్త్రీ శరీరములో ఈస్ట్రోజన్ అనే హార్మోను పెరిగి, రాలవలసిన వెంట్రుకలను కూడా రాలకుండ ఆపుతుంది. గర్భిణి జడ ఒత్తుగా కనబడేది అందుకే. కాన్పు కాగానే ఆ హార్మోను పడిపోతుంది. ఆగినవన్నీ ఒక్కసారి విశ్రాంతిలోకి వెళ్లి, రెండు మూడు నెలల తరువాత కలిసి రాలతాయి. బిడ్డ నవ్వడము నేర్చే కాలము కూడా సరిగ్గా అదే! మా అత్తగారికి ఈస్ట్రోజన్ పేరు తెలియదు గాని, లెక్క తెలుసు.

ప్రభుత్వము ఉచితముగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలు ఉంటాయి. వాటిలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. హార్మోను మాత్రలో ఈస్ట్రోజన్ జాతిది ఒకటి, లెవోనార్జెస్ట్రెల్ అనేది ఇంకొకటి కలిసి ఉంటాయి. ఏడాదిగా అలవాటైన హార్మోను మాత్రలు మానగానే శరీరానికి అది చిన్న కాన్పు వంటిది. అందుకే రెండు నుండి నాలుగు నెలల తరువాత కొందరికి జుట్టు రాలుతుంది. కొందరికి మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో కూడా రాలవచ్చు. మూడు నెలలకొకసారి వేసే ఇంజక్షను వాడేవారిలో కూడా కొందరికి జుట్టు రాలడము ఉంటుందని ఆ మందు కాగితములోనే వ్రాసి ఉంటుంది. అందరికీ కాదు, చాలామందికి ఏమీ జరగదు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి.

"ఈ తెల్ల వేరు సంగతి ఏమిటి డాక్టరమ్మా?" అని ఆ చెల్లెలు భయపడుతూనే అడిగింది.

"అది వేరు కాదమ్మా. విశ్రాంతిలోకి వెళ్లి పండిన వెంట్రుకకు అడుగున ఆ బుడిపె ఉంటుంది. పండుటాకు తొడిమ వంటిది. కుదురు నీ తలలోనే భద్రముగా ఉంది. రాలినది ఆకే, వేరు కాదు" అని ఆమె చెప్పింది. ఆ మాటనే ఈ వ్యాసానికి పేరుగా పెట్టుకున్నాము.

అయితే ఆమె రక్తపరీక్ష వ్రాయడము మరచిపోలేదు. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. థైరాయిడ్ బాగానే ఉంది. రక్తహీనత ఉంటే రాలిన జుట్టు తిరిగి రావడము ఆలస్యమవుతుందట. మాత్రలు మానడము ఒక కారణము, రక్తము లేకపోవడము రెండవది. వేరుశనగ పండకపోతే ఇంట్లో మొదట తగ్గేది ఆడమనిషి కంచములోని ముద్దే గదా! మేము మొదట చెప్పిన సంబంధము ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అంటే మన ఆరాధనలో ఎడమవైపు చాప మీద కూర్చునే సహోదరీలలో సగముకంటె ఎక్కువమంది. వాళ్లు ఆయాసపడుతూ పాటలు పాడుతుంటే మేము ఆత్మీయ బలహీనత అనుకున్న దినాలు కూడా ఉన్నాయి. ప్రభువు క్షమించును గాక.

డాక్టరమ్మ నూనె వ్రాయలేదు, షాంపూ వ్రాయలేదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వ్రాసింది. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడి కష్టము ఆ చిన్న మాత్రలో ఉందని చెబితే ఆ చెల్లెలు, "అయితే ఈసారి పారేయనులే అయ్యగారూ" అని నవ్వింది. చాలా దినాల తరువాత ఆమె నవ్వడము అదే.

ఇంతటితో కథ ముగిసి ఉంటే మేము సంతోషముగా కలము పెట్టి ఉండేవారము. గాని రెండవ కుటుంబము సంగతి ఉంది.

ఊళ్లో "మాత్రలు తింటే బోడి అవుతారు" అనే మాట పుట్టిన వారములోనే, ఇంకొక సహోదరి అట్ట సగములో మాత్రలు ఆపేసింది. ఆమె ఒళ్లో పదకొండు నెలల బిడ్డ ఉన్నాడు. ఆమె తల వెంట్రుక ఒక్కటి కూడా రాలలేదు. వినికిడి మాటకే భయపడింది. వేరే జాగ్రత్త ఏదీ తీసుకోలేదు. మాత్రలు ఆపిన వెంటనే గర్భము రావచ్చునని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. జూన్‌లో గర్భము నిలిచింది. కాన్పు కష్టమయింది, చాలా రక్తము పోయింది. ఆడబిడ్డ 1 కిలో 900 గ్రాములతో పుట్టింది. దేవుని కృప వలన తల్లీ బిడ్డా బ్రతికి ఉన్నారు. గాని ఆ తల్లి నేటికీ కడవ ఎత్తలేదు, నాలుగు అడుగులు వేస్తే కూర్చుంటుంది.

బిడ్డ ప్రతిష్ఠ దినాన ఆమె మాతో మెల్లగా అన్నది: "అయ్యగారూ, ఆ యమ్మికి వెంట్రుకలు ఊడినాయి, మళ్లీ వచ్చినాయి. ముందే ఒక్క మాట చెప్పింటే నేను ఆపేదాన్నే కాదు."

ఆమె నిందించలేదు. నిందించి ఉంటే మాకు తేలికగా ఉండేది.

ఆ మాట విన్న తరువాత మాకు మన రాష్ట్రపు పాత సంగతి ఒకటి కొత్తగా అర్థమయింది. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను పరీక్ష జరుగుతోందని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందానికి తెలిసింది. వాళ్లు అక్కడి పేద స్త్రీలను కలిసి మాట్లాడారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని, దాని వలన ఏమేమి కలుగవచ్చునో అని ఆ స్త్రీలకు సరిగా చెప్పనే లేదు. 1986లో ఆ బృందము మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. చదువులేని ఆడమనిషికైనా తన ఒంట్లోకి వెళ్లే మందు సంగతి పూర్తిగా తెలుసుకునే హక్కు ఉందని వాళ్లు నిలబడ్డారు. అంత పెద్ద వ్యవహారములోనూ, మా ఇంటి అరుగు మీద జరిగిన చిన్న మాటలోనూ తప్పు ఒకటే. మేలు చేస్తున్నామనుకొని సగమే చెప్పడము.

అందుచేత ఒక శనివారము మహిళా కూడికలో మేము నిలబడి, "ఏమీ కాదు అని చెప్పడము మా తప్పు" అని ఒప్పుకున్నాము. శిక్ష పడిందని అన్న పెద్దమ్మతో కూడా ప్రేమతో మాట్లాడాము. మన తల వెంట్రుకలు లెక్కింపబడ్డాయని ప్రభువు చెప్పినది భయపడవద్దని ధైర్యపరచడానికి. తప్పులు లెక్కకట్టి ఊడబెరకడానికి కాదు. సమ్సోను తల గొరిగించిన తరువాత అతని వెంట్రుకలు మరల ఎదగడము మొదలుపెట్టినట్టు న్యాయాధిపతుల గ్రంథము 16వ అధ్యాయములో ఉంది. గ్రుడ్డివాడై చెరసాలలో తిరుగలి విసరుతున్నవాని తల మీద కూడా వెంట్రుకలు మొలవడము దేవుడు ఆపలేదు. పెద్దమ్మ కొంతసేపు ఊరకుండి, "నాకు ఎవరు చెప్పినారు నాయనా ఇవన్నీ" అన్నది. ఆమె మాట కూడా నిజమే.

తరువాతి నెల కూడికకు ఏ.ఎన్.ఎం. గారిని పిలిచి సంగతులన్నీ అడిగి తెలుసుకున్నాము. మీకు ఉపయోగపడే వాటిని ఇక్కడ వ్రాస్తున్నాము.

మాత్రలు వాడుతున్న సహోదరీ, జుట్టు రాలుతోందని అట్ట మధ్యలో ఆపవద్దు. అట్ట పూర్తి చేసి, వేరొక పద్ధతి సిద్ధము చేసుకున్న తరువాతే ఆపు. ఆపిన నెలలోనే గర్భము రావచ్చు. ఇంజక్షను మానితే మాత్రము గర్భము రావడానికి చాలా నెలలు ఆలస్యము కావచ్చు, అది కూడా ముందే తెలిసి ఉండాలి.

పద్ధతులు ఒకటి కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము అంతర అనే పేరుతో మూడు నెలల ఇంజక్షనును, ఛాయ అనే పేరుతో వారపు మాత్రను ప్రవేశపెట్టింది. ఛాయ మాత్ర లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టినది. అందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు సార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. నెలసరి కొంచెము ఆలస్యము కావచ్చు. కాపర్-టి లో కూడా హార్మోను లేదు, గాని కొందరికి నెలసరి రక్తము ఎక్కువగా పోతుంది గనుక రక్తహీనత ఉన్నవారు డాక్టరును అడిగి వేయించుకోవాలి.

హార్మోను మాత్రలు అందరికీ తగవు. చనుబాలు ఇచ్చే తల్లి మొదటి ఆరు నెలలు వీటిని వాడరాదు. రక్తపోటు ఉన్నవారు, కాళ్లలో రక్తము గడ్డకట్టినవారు, ముప్పై అయిదేళ్లు దాటి బీడీ, చుట్ట తాగేవారు వాడరాదు. వాడుతుండగా పిక్కలో వాపు, గుండెలో నొప్పి, తట్టుకోలేని తలనొప్పి, చూపు మసకబారడము వస్తే ఆ దినమే ఆసుపత్రికి వెళ్లాలి. జుట్టు రాలితే ప్రాణము పోదు. వీటిని నిర్లక్ష్యము చేస్తే పోవచ్చు.

తాత్కాలికముగా రాలే జుట్టు తల అంతటా సమానముగా రాలుతుంది. సాధారణముగా ఆరు నెలల లోపల రాలడము తగ్గుతుంది. కొత్త వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక పాత జడ రావడానికి ఏడాదియో, ఇంకా ఎక్కువో పడుతుంది. అట్లా కాక పాపిడి మాత్రమే వెడల్పవుతూ పోయినా, గుండ్రముగా మచ్చలు పడినా, నెలసరి తప్పుతూ గడ్డము మీద వెంట్రుకలు వచ్చినా, ఆరు నెలలు దాటినా ఆగకపోయినా అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి. కొన్ని కుటుంబాలలో పాపిడి పలచబడే లక్షణము వంశములోనే ఉంటుంది. అటువంటివారికి కొన్ని హార్మోను మందులు దానిని ఎక్కువ చేయవచ్చు. మీ అమ్మకో, మేనత్తకో అట్లా ఉంటే మాత్ర మొదలుపెట్టకముందే చెప్పండి.

తల గొరిగిస్తే ఒత్తుగా వస్తుందనుకోవద్దు, కుదురుకు గొరుగుడు తెలియదు. వందలు పోసి నూనె సీసాలు కొనవద్దు. ఆ డబ్బుతో పప్పు, ఆకుకూర, గుడ్డు తెచ్చుకోండి. మునగాకు, రాగులు, వేరుశనగ మన నేల మీద పండేవే. ఇనుము మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది, టీతో వేసుకుంటే పడదు. జడ మరీ బిగించి అల్లుకోవద్దు.

చివరిగా సహోదరులతో ఒక మాట. అదే సర్వే ప్రకారము మన రాష్ట్రములో వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మాత్ర ఆమెదే, సూది ఆమెదే, కత్తి ఆమెదే, ఊడిన జుట్టుకు నింద కూడా ఆమెదే. మగవారి ఆపరేషన్ తేలికైనది, కోత కూడా లేకుండా చేసే పద్ధతి ఉంది. కనీసము నిరోధ్ వాడడానికైనా మనము ముందుకు రాకపోతే, భార్యను ప్రేమించండి అనే ప్రసంగానికి ఆమెన్ చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

ఆ చెల్లెలి భర్త ఆగస్టులో వచ్చాడు. ఆమె భయపడినట్టు ఏమీ జరగలేదు. కొంగు తీసి చూపించి ఏడిస్తే, "ఫోనులో ఎందుకు చెప్పల్యా?" అని మాత్రము అడిగాడట. అప్పటికే నుదుటి అంచున వేలెడంత కూడా లేని కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఉన్నాయి, కోత తరువాత వానకు మొలిచిన గడ్డిలాగ. అత్తగారే వాటికి కొంచెము ఆముదము రాసి అణచి, దువ్వి పంపిందని మా శ్రీమతి చెప్పింది. క్రిస్మసు ఆరాధనకు ఆమె కొంగు కప్పుకోకుండా వచ్చింది. జడ సన్నగానే ఉంది, దానిలో నాలుగు కనకాంబరాలు ఉన్నాయి. రక్తము పది గ్రాములు దాటింది.

ఆమె కంటె రెండు వరుసల వెనుక రెండవ సహోదరి గోడకు ఆనుకొని కూర్చుంది. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఆరాధన ముగింపులో అందరూ లేచి నిలబడ్డారు, ఆమె లేవలేకపోయింది. ఆశీర్వాదము పలుకుతూ మేము ఆమె వైపు చూడలేకపోయాము.

ఇప్పుడు మా ఇంటి అరుగు మీదికి ఎవరైనా అట్ట పట్టుకొని వచ్చి "ఏమన్నా అవుతాదా అయ్యగారూ?" అని అడిగితే, మేము "ఏమీ కాదు" అనము. "కొందరికి ఇట్లా అవుతుంది, ఇన్ని నెలలు ఉంటుంది, మళ్లీ సరిపోతుంది. ఇట్లా అయితే మాత్రము ఆగకుండ ఆసుపత్రికి పో. మిగతాది నర్సమ్మను అడుగుదాము, పద" అని చెబుతున్నాము. మీ ఇండ్లలో, మీ సంఘాలలో మీరూ అట్లాగే చెప్పండి. కుదుళ్లను కాపాడే దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.